మట్టికుండ, వట్టివేరు: వేసవి చలువ చరిత్ర

మానవుడు చలి నోర్చుకొనుటకు నిప్పును కనుగొనెను. ఎండ నోర్చుకొనుటకు అంత సులువైన సాధనము అతనికి దొరకలేదు. నిప్పు ఎచ్చట రాజేసిన అచ్చట వెచ్చదనము పుట్టును. చల్లదనమును అట్లు పుట్టించుటకు వీలులేదు. ఉన్న వేడిమిని మరియొక చోటికి పంపివేయవలసినదే. ఆ పంపివేయు ఉపాయముల కథయే వేసవి చలువ చరిత్ర. ఇందు రెండు దారులు స్పష్టముగ కానవచ్చును. ధనముతోను, పరుల శ్రమతోను కొనితెచ్చుకొను చలువ ఒకటి. నీరు, నీడ, గాలి, మట్టి అను నాలుగింటితో ఎల్లవారును పంచుకొను చలువ రెండవది. మన దేశ చరిత్రలో ఈ రెండును పక్కపక్కనే నడచినవి.

రెండవ దారికి మిక్కిలి పాత సాక్ష్యము ఢిల్లీ నగరముననే కలదు. ఫిరోజ్ షా కోట్లా శిథిలముల నడుమ ఎత్తైన కట్టడముపై నిలిచియున్న అశోక స్తంభమును చూడనివారు రాజధానిలోని తెలుగువారిలో అరుదు. పదునాలుగవ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ దానిని తోప్రా గ్రామమునుండి తెప్పించి అచ్చట నిలిపెను. ఆ స్తంభముపై గల బ్రాహ్మీలిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదువగలిగెను. అందలి ఏడవ శాసనములో అశోకుడు తాను బాటల వెంట మనుష్యులకును, పశువులకును నీడ నిచ్చుటకై మర్రిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, బావులు త్రవ్వించి, విడిది గృహములను, నీరు త్రాగు చోట్లను ఏర్పరచితిననియు చెప్పుకొనెను. ఇట్టి సౌఖ్యములను పూర్వరాజులును కల్పించిరని కూడ ఆ చక్రవర్తి ఒప్పుకొనెను. అనగా రెండువేల రెండువందల సంవత్సరములకు పూర్వమే ఇది పాత ఆచారమన్నమాట. ఎండబడి నడచువానికి నీడయు నీరును సమకూర్చుట రాజధర్మములలో నొకటిగ నాటికే స్థిరపడియుండెను.

ఆ నీరు త్రాగు చోటికి సంస్కృతమున ‘ప్రప’ యని పేరు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరిత్రలో అడవిదారిలోని ప్రపలను, వానిలోని నీటికడవలను వర్ణించెను. తెలుగున అదియే చలివెందర, చలిపందిలి, చలివేంద్రము. పేరులోనే ‘చలి’ యున్నది గదా! నాలుగు గుంజలు పాతి, పైన తాటాకో కొబ్బరాకో కప్పి, క్రింద ఇసుక పోసి తడిపి, దానిపై కడవలు వరుసగ నిలిపినచో చలివేంద్రము సిద్ధమైనట్లే. ఇందు విలువైన వస్తువొకటియు లేదు. కాని ఆ ఇసుక, ఆ మట్టికడవ, ఆ ఆకుకప్పు మూడును శాస్త్రము తెలిసి పెట్టినట్లే పనిచేయును.

కడవలో నీరు ఏల చల్లబడును? మెరుగు పూయని మట్టిగోడలో సన్నని రంధ్రములుండును. వాని గుండ నీరు వెలుపలికి ఊరి, గాలి తగిలి ఆవిరియగును. నీరు ఆవిరి యగుటకు చాల వేడిమి కావలెను. ఒక గ్రాము నీరు ఆవిరియగునపుడు సుమారు 580 కెలోరీల వేడిమిని తనతో కొనిపోవును. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కెలోరీ తొలగిన చాలును. కావున కడవలోని నీటిలో అరువదవ వంతు ఆవిరియైనచో మిగిలిన నీరు దాదాపు పది డిగ్రీలు చల్లబడవచ్చును. చుట్టునున్న వేడిగాలి మరల కొంత వేడిమిని లోపలికి పంపుటచే అంత పూర్తిఫలము దక్కకున్నను, గొంతు తడుపుటకు కావలసినంత చల్లదనము దక్కును. క్రింది తడియిసుకయు ఆవిరియగుచు కడవ అడుగును చల్లబరచును. పైని ఆకుకప్పు ఎండను ఆపును. ఇందులకు ఇంధనము అక్కరలేదు. కావలసినది నీరును, దానిని మోసి తెచ్చు ఒక మనిషియును.

తెలుగు కవులును ఈ విషయమును విడువలేదు. పదునారవ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతువుల ననుసరించి వర్ణించెను. వేసవిలో ఆ భాగవతుడు అతిథికి ముందుగ గంధము పూసి, నులివెచ్చని అన్నమును, తియ్యని చారును, పలుచని అంబలిని, చెరకురసమును, ఎలనీరును, పండ్లను, పరిమళజలమును, వడపిందెలను, నీరుచల్లను వడ్డించెను. రత్నసింహాసనముపై కూర్చున్న రాయలు వేసవి భోజనమును తలచినపుడు అతని కలమున దొరలినవి అంబలియు, నీరుచల్లయును! ఇవి ప్రతి రైతు ఇంటను ఉండునవే. తరవాణి కుండ, తాటిముంజలు, తాటాకు విసనకర్ర, వాకిట తాటాకు పందిలి, వీనితోనే తెలుగు పల్లెలు రోహిణికార్తెను దాటుచు వచ్చినవి.

ఇక మొదటి దారి, అనగా ఏలికల దారి. అక్బరు చక్రవర్తి కొలువులోని వేసవి ఏర్పాట్లను అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో వివరించెను. నీటిని చల్లబరచుటకు సురేకారమును వాడుచుండిరి. ఒక సేరు నీటిని లోహపు కూజాలో పోసి మూతి బిగించి, ఐదు సేర్ల నీటిలో రెండున్నర సేర్ల సురేకారము కలిపిన పాత్రలో ఆ కూజాను పావుగంట సేపు త్రిప్పినచో లోపలి నీరు చల్లబడుచుండెను. తుపాకి మందునకు ఉపయోగించు ద్రవ్యమే దప్పికి చలువయైనది. తరువాత కొలువు లాహోరునకు మారినపుడు ఉత్తర పర్వతములనుండి మంచు తెప్పించిరి. అదియే గ్రంథమున ‘ఖస్‌ఖానా’ ప్రస్తావనయు కలదు. ఖస్ అనగా మన వట్టివేరు. వెదురు చట్రమునకు వట్టివేళ్ళను అల్లి, దానిపై నీరు చల్లినచో నడివేసవిలో శీతకాలము పుట్టునని అబుల్ ఫజల్ మెచ్చుకొనెను.

1663లో ఢిల్లీనుండి లేఖ వ్రాసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఆ నగరపు సంపన్న గృహములలోని భూగర్భ గదులను, వానిలోని పెద్ద పంకాలను వర్ణించి, పలువురు వానికంటె తోట నడుమ నీటికొలను ప్రక్కన కట్టిన ఖస్‌ఖానాలనే ఇష్టపడుదురని చెప్పెను. కొలను ప్రక్కననే కట్టుట ఎందులకు? సేవకులు వెలుపలినుండి తేలికగ నీరు చల్లుటకు. ఈ సేవకులను జ్ఞప్తియందుంచుకొనవలెను. చరిత్రలో వీరి పేళ్ళు లేవు. వీరి చేతి చలువ మాత్రము కలదు.

ఆంగ్లేయుల కాలమున మంచుగడ్డల వేట మొదలైనది. ఇందులో మిక్కిలి ఆశ్చర్యకరమైనది దేశీయుల విద్య. నేడు ప్రయాగరాజ్ అనబడు అలహాబాదులో డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు మంచు తయారుచేయు విధమును సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ముప్పది అడుగుల చదరమున, రెండడుగుల లోతున గోతులు త్రవ్వి, అడుగున ఎండిన చెరకు పిప్పియో జొన్నచొప్ప వంటిదో మందముగ పరచి, దానిపై పలుచని మట్టి మూకుళ్ళు వరుసగ పెట్టి, సాయంకాలమున కాచి చల్లార్చిన నీరు పోయుదురు. మబ్బులేని నిశ్చలమైన రాత్రి గడచునప్పటికి ఆ మూకుళ్ళలో మంచుపొర తేలును. తెల్లవారకముందే దానిని ఏరి, గడ్డి, కంబళి కప్పిన లోతుగోతిలో వేసవికై దాచుదురు. గాలి గడ్డకట్టునంత చల్లగ లేకున్నను నీరు గడ్డకట్టుటకు కారణము నిర్మలాకాశము. నేలమీది ప్రతి వస్తువును రాత్రివేళ తన వేడిమిని ఆకాశమునకు వెదజల్లును. చొప్ప నేలవేడిమిని పైకి రానీయదు. మంచుబిందువులపై 1814లో గ్రంథము వ్రాసిన డాక్టరు వెల్స్ ఈ రహస్యమును విప్పెను. ఏ పాఠశాలయు చూడని పనివారు అంతకు పూర్వమే దానిని చేతితో నెరిగియుండిరి.

1833లో అమెరికాలోని బోస్టను నగరమునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు ‘టస్కనీ’ అను ఓడలో 180 టన్నుల మంచుగడ్డలను కలకత్తాకు పంపెను. నాలుగు మాసముల ప్రయాణమున కొంత కరగిపోగా సుమారు నూరు టన్నులు దక్కెను. పిమ్మట చెన్నపట్టణమున సముద్రతీరమునను ఒక మంచుగడ్డల కొట్టు వెలసెను. ఆనాడు చెన్నపట్టణమున నివసించిన తెలుగువారికి అది చిరపరిచితమైన ‘ఐస్ హౌస్’. యంత్రముతో మంచు చేయుట వచ్చిన తరువాత ఆ వ్యాపారము క్షీణించెను. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్యదేశములనుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి ఆ భవనముననే బస చేసెను. ఆయన పేరుతోనే అది నేటికిని నిలిచియున్నది.

మంచుకంటె ఎక్కువగ కచ్చేరీలలో వాడుకకు వచ్చినది పంకా. దూలమునకు వ్రేలాడగట్టిన చట్రమునకు గుడ్డ తొడిగి, త్రాటిని గోడ కన్నముగుండ వసారాలోనికి తీయుదురు. అచ్చట కూర్చున్న పంకా కూలీ దానిని పగలును, రాత్రియును లాగుచుండవలెను. లోపలివారికి గాలి, వెలుపలివానికి వడ! అతడు కునుకు తీసినచో లోపలినుండి కేక వినవచ్చును. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ‘థర్మాంటిడోట్’, అనగా వేడిమికి విరుగుడు, అను పెట్టె వచ్చినది. తడిసిన వట్టివేళ్ళ తట్టీలగుండ గాలిని లోనికి తోలు రెక్కల చక్రమిది. దీనిని కూడ ఒక మనిషియే త్రిప్పవలెను. 1899లో కలకత్తాకు విద్యుత్తు వచ్చిన పిమ్మట కరెంటు పంకా క్రమముగ పంకా కూలీ స్థానము నాక్రమించెను. ఒక కఠినమైన చాకిరి తొలగినది. దానితోపాటు ఒక పేద జీవనాధారమును తొలగినది.

ఏలికలు పట్టణమునకు చలువను తెచ్చుటతో తృప్తిపడక, పట్టణమునే చలువకడకు తీసికొనిపోయిరి. 1864 మొదలుకొని భారత ప్రభుత్వమునకు సిమ్లా వేసవి రాజధాని యయ్యెను. కాల్కానుండి 1903లో రైలు పడువరకు దస్త్రముల పెట్టెలు బండ్లమీదను, కూలీల వీపులమీదను కొండ యెక్కెను. చెన్నపట్టణపు ప్రభుత్వము అట్లే ఉదకమండలమునకు పోవుచుండెను. ఈ చలువ ఖర్చును మైదానమున ఎండలో దున్నిన రైతు శిస్తు రూపమున చెల్లించెను. 1947 తరువాత భారత ప్రభుత్వమునకు ఆ కొండప్రయాణములు లేవు. స్వతంత్ర ప్రభుత్వపు గుమాస్తాలు జ్యేష్ఠమాసమును ఢిల్లీలోనే గడపవలసివచ్చెను.

అప్పుడు వారిని కాచినది మరల వట్టివేరే. కార్యాలయపు కిటికీలకు ఖస్ తట్టీలు కట్టుట, వానిపై నీరు చల్లుటకు వేసవి నెలలకు మాత్రము తాత్కాలికపు పనివారిని నియమించుట చాలకాలము రాజధానిలో ఆనవాయితీగ నుండెను. తడిసిన వట్టివేళ్ళ పరిమళము దస్త్రములపై పరచుకొను ఆ మధ్యాహ్నములు పాత ఉద్యోగుల జ్ఞాపకములలో నేటికిని నిలిచియున్నవి. పిమ్మట ఆ తట్టీకి విద్యుత్ పంకాను, నీటి తొట్టిని చేర్చిన కూలరు ఇంటింటికి వచ్చినది. నిజమునకు అది అక్బరు ఖస్‌ఖానాకు మనుమడు, థర్మాంటిడోటునకు కొడుకు.

ఢిల్లీలో ఇంతటి ఫలమిచ్చిన కూలరును సెలవులకు విశాఖపట్టణమునకో కాకినాడకో తీసికొనిపోయినవారు నిరాశపడుట కలదు. దోషము కూలరుది కాదు. గాలి ఎంత పొడిగ నున్న నీరు అంత త్వరగ ఆవిరియగును. ఢిల్లీ వడగాలి 42 డిగ్రీల వేడితో, 20 శాతము తేమతో నున్నచో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము సుమారు 24 డిగ్రీలకు దిగును. సముద్రతీరమున 36 డిగ్రీల వేడి, 65 శాతము తేమ యున్నచో అది 30 డిగ్రీలకు మించి దిగదు. మన చెమటకును ఇదియే న్యాయము. అందువలన తీరమున తట్టీకంటె గాలి ఆడు వసారాయు, మండువాయు, విసనకర్రయు మేలని పెద్దలు కనిపెట్టిరి. ఏ ఊరి చలువ ఆ ఊరిదే.

ఈ చరిత్ర కేవలము వినోదము కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో పదునైదువందలకు పైగ ప్రాణములు పోయినవి. అట్టి వేళల ఎక్కువగ బలియగువారు వృద్ధులును, ఎండలో పని మానలేని కూలీలును. 2010 నాటి వడదెబ్బ మరణములనుండి పాఠము నేర్చిన అహమదాబాదు నగరము 2013లో వడగాడ్పుల కార్యప్రణాళికను అమలుపరచెను. ముందస్తు హెచ్చరిక, నీటి వసతి, నీడ, వైద్యసిబ్బందికి శిక్షణ అందలి ముఖ్యాంశములు. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఇంటికప్పులపై ఎండను తిప్పికొట్టు తెల్లని పూతలను ప్రోత్సహించు విధానమును ప్రకటించెను. మిద్దెకు సున్నము కొట్టుట ఎరిగినవారికి అది క్రొత్త విద్య కాదు. అశోకుని స్తంభమునందలి నీరును, నీడయు నేటి ప్రణాళికలలో మరల చోటు చేసికొనినవి.

నేడు చాల కార్యాలయములు, ఇండ్లు శీతల యంత్రములతో నిండినవి. అవి రోగికిని, వృద్ధునకును, పసిపాపకును ప్రాణరక్షకములు. వానిని నిందింప పనిలేదు. కాని ఆ యంత్రము గదిలోని వేడిమిని వీధిలోనికి త్రోయును. ఆ వీధిలో కూరల బండివాడు నిలిచియున్నాడు, తపాలా బంట్రోతు నడచుచున్నాడు. పంకా త్రాడు మాయమైనను గోడకు ఇవతల చలువ, అవతల వడ యను భేదము మాయము కాలేదు.

ఆ గోడకు అవతల ఒక మట్టికడవను నిలిపి, దానిపై మూతయు, ప్రక్కన చెంబును ఉంచి, ప్రతి ఉదయము నింపుట ఏ ఉద్యోగి కుటుంబమునకును భారము కాదు. ఈ దేశమున వేసవిని జయించిన చక్రవర్తులు లేరు. దాహము తీర్చినవారు మాత్రము ప్రతి బాటపక్కను ఉండిరి. రాతిస్తంభముపై రెండువేల యేండ్లు నిలిచిన మాట వారి పక్షముననే పలుకుచున్నది.