గోదావరిపై సరకుల బాట

పాపికొండల ఇరుకునుండి వెలువడిన గోదావరి పట్టిసీమ వద్దకు వచ్చుసరికి విశాలమై ప్రవహించును. నది నడుమ కొండపై వీరభద్రస్వామి ఆలయము కలదు. నేడు యాత్రికులు పడవలపై వచ్చు ఈ చోటనుండియే, పందొమ్మిదవ శతాబ్దములో నాగపూరు ప్రత్తిని సముద్రమునకు చేర్చు జలమార్గ మొకటి సాగవలసి యుండెను.

ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. దానినుండి తీసిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలయ్యెను. నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. లాకు అనగా రెండువైపుల తలుపులుగల పెద్ద తొట్టివంటి కట్టడము. దిగువనుండి వచ్చిన పడవ లోనికి చేరగానే వెనుక తలుపు మూసి, ఎగువ నీటిని లోనికి వదలుదురు. నీటితోపాటు పడవయు పైకి లేచును. మట్టములు సమమైన పిమ్మట ముందు తలుపు తెరతురు. ఎంత బరువైనను ఎత్తునది నీరే! మెల్లగా సాగు పడవకు నీటి నిరోధము స్వల్పము. కావుననే గట్టున నడచు కొద్దిమంది మనుష్యులు, పెక్కు ఎడ్లబండ్లకు సరిపడు సరకును తాడుతో లాగగలిగిరి.

ఈ చౌక బాటను ఎగువకు పొడిగించవలెనని కాటన్ సంకల్పము. 1861–65 నడుమ అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవుకాగా, ఈ ఆలోచనకు బలము చేకూరెను. కాని మార్గమున మూడుచోట్ల రాతిబండలపై ప్రవాహము దుముకుచుండును: దుమ్ముగూడెము వద్ద, ఇంద్రావతి సంగమము చేరువ ఇచ్చంపల్లి వద్ద, ప్రాణహితలో మరియొకచోట. దుమ్ముగూడెమున ఆనకట్ట, కాలువ, లాకులు నిర్మించిరి. ఎగువ పనులు ముగియకమునుపే, 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరెను. 1871లో జలమార్గపు పనిని విరమించిరి.

నీటిపై ప్రయాణము చౌకయే. అయినను బండలు అడ్డమైన ప్రతిచోట సరకు దించి, బండ్లకెత్తి, మరల పడవలో నింపవలసి వచ్చినచో ఆ లాభము హరించును. వేసవిలో నది సన్నగిల్లును. రైలు ఏడాది పొడవునా నడచును. వర్తకునకు చౌకతోపాటు నమ్మకమును ముఖ్యము గదా!

1900లో రాజమహేంద్రవరము వద్ద రైలువంతెన పూర్తికాగా, మద్రాసు కలకత్తాల నడుమ సరకులు నదిని రైలుపైననే దాటసాగెను. 2008లో భద్రాచలమునుండి రాజమహేంద్రవరము వరకు గోదావరిని, డెల్టా కాలువలను నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చిరి. పట్టిసీమ మీదుగా సరకుల పడవలు సాగవలెనన్నను నాటి ప్రశ్నయే ఎదురగును: ఏడాది పొడవునా, దారి పొడవునా చాలినంత లోతు ఉండునా?