కళ్ళకు గంతలు

"కళ్ళకు గంతలు కట్టుకుని విమానం నడుపుతారా?" అని మా ఇంట్లో నవ్వారు. నవ్వదగిన దృశ్యమే. నడివయసు మనిషి ఒకడు బల్లముందు కూర్చుని, మొహానికి నల్లటి డబ్బా తగిలించుకుని, ఎవరికీ కనబడని కిటికీలోంచి తొంగిచూస్తూ, చేతులతో గాలిని తడుముతూ ఉంటే నవ్వక ఏం చేస్తారు? ఆ నవ్వు పది నిమిషాలే సాగింది. పదకొండో నిమిషంలో నేను ఆ హెడ్‌సెట్‌ని ఊడబెరికి పెరట్లోకి పరుగెత్తాను. పొద్దున తిన్న ఇడ్లీలు దక్కలేదు.

ఆ పూట మంచమ్మీద పడుకుని, నాకు జరిగిందేమిటో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువు నన్ను నూరేళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ తేలిందేమిటంటే, మావాళ్ళు నవ్వుతూ అన్న మాటలో చాలా చరిత్ర ఉంది. మబ్బుల్లో విమానం నడపడం నేర్పినవాళ్ళు మొట్టమొదట చేసిన పని, నేర్చుకునేవాడి కళ్ళు మూయడమే.

తొలినాటి వైమానికులు ఒంటిని నమ్ముకుని ఎగిరేవారు. కూర్చున్న పీట ఎటు ఒరిగితే విమానం అటు ఒరిగినట్టు. నేల కనబడుతున్నంతసేపూ ఈ విద్య చాలింది. పొగమంచు కమ్మితే మాత్రం ప్రాణం తీసింది. మన లోపలి చెవిలో అర్ధవృత్తాకార కుల్యలని మూడు సన్నని గొట్టాలుంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చేరవేస్తుంది. కానీ ఒకే వేగంతో మలుపు తిరుగుతూ ఉంటే ఇరవై సెకన్లు గడిచేసరికి ఆ ద్రవం కూడా కుదురుకుంటుంది. అప్పుడు విమానం ఒరిగి తిరుగుతున్నా, తిన్నగా పోతున్నామనే ఒళ్ళు చెబుతుంది. పైలట్ దాన్ని సరిచేస్తే అవతలివైపుకి పడిపోతున్నట్టు అనిపిస్తుంది. దాంతో మళ్ళీ పాత మలుపులోకే తిప్పుతాడు. అలా సుళ్ళు తిరుగుతూ నేలకూలినవారు ఎందరో.

దీనికి విరుగుడుంటుందని చూపించినవాడు జిమ్మీ డూలిటిల్. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్‌లోని మిచెల్ ఫీల్డులో, తన సీటుమీద గుడ్డ గూడు కప్పించుకుని, బయటి ప్రపంచం రవంత కూడా కనబడకుండా విమానాన్ని పైకి లేపి, చుట్టూ తిప్పి, మళ్ళీ దించాడు. ముందుసీట్లో ఇంకొక పైలట్ ఉన్నాడు గానీ అతను కల్పించుకోవలసిన అవసరం రాలేదు. డూలిటిల్ ఒంటిని కాదు, ముళ్ళని నమ్మాడు. కృత్రిమ క్షితిజం, దిక్కు చూపే గైరోస్కోపు, ఎత్తు చూపే ఆల్టిమీటరు, రేడియో సంకేతం. అంతే.

అయితే ఒంటిని నమ్మవద్దని చెప్పడం తేలిక, ఒంటికి నేర్పడం కష్టం. ఆ పని చేసినవాడి పేరు ఎడ్విన్ లింక్. న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో అతని తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. 1920లో ఈ కుర్రవాడు 50 డాలర్లు పోసి విమానపాఠానికి వెళితే గురువుగారు మీట ముట్టుకోనివ్వలేదట. నేలమీదే నేర్పే యంత్రం ఉంటే బాగుండుననుకుని, ఆ కర్మాగారం నేలమాళిగలోనే పని మొదలుపెట్టాడు. మన హార్మోనియానికి ఉన్నట్టే ఆర్గన్‌కీ తిత్తులుంటాయి. ఆ తిత్తులమీద చిన్న విమానం బొమ్మలాంటి పెట్టెను కూర్చోబెట్టి, గాలి నింపుతూ తీస్తూ, మీట కదిపినట్టల్లా పెట్టె ఒరిగేలా చేశాడు. అది 1929కి సిద్ధమయింది. పైలట్ల బడులు పెద్దగా పట్టించుకోలేదు గానీ తిరునాళ్ళ వినోదాలవాళ్ళు కొన్నారు.

1934లో కథ మలుపు తిరిగింది. ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ ప్రైవేటు కంపెనీల టపా ఒప్పందాలు రద్దుచేసి, విమాన టపా మోసే పని సైన్యానికి అప్పగించాడు. అది చలికాలం. మంచులో, రాత్రివేళ, ముళ్ళు చూసి నడపడంలో తగిన శిక్షణ లేని కుర్రవాళ్ళు కొద్దికాలంలోనే డజనుమంది దాకా చనిపోయారు. అప్పుడు సైన్యాధికారులు లింక్‌ని న్యూవార్క్‌కి రమ్మన్నారు. ఆ రోజు దట్టంగా మంచు పట్టడంతో ఇక రాడని వాళ్ళు లేచిపోబోతుండగా, ఆ మంచులోంచే అతని విమానం వచ్చి దిగింది. అంతకంటే చెప్పవలసిందేముంది? సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు పెట్టెలు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి అలాంటివి సుమారు 10,000 తయారయ్యాయి. వాటిలో నేర్చుకున్న పైలట్లు 5 లక్షలకు పైనే.

లింక్ పెట్టెకు మూత ఉండేది. మూత వేశాక లోపల చీకటి, దీపం వెలుగులో ముళ్ళు, చెవుల్లో గురువుగారి గొంతు. బయట బల్లమీద మూడు చక్రాల చిన్న బండి ఒకటి పాకుతూ, శిష్యుడు పోయిన దారిని సిరాతో పటంమీద గీసేది. ఎండ్రకాయ అని దాని ముద్దుపేరు. ఆ యుద్ధకాలంలోనే ఇంకొక పరీక్ష కూడా ఉండేది. శిష్యుడి కళ్ళకు నిజంగానే గంతలు కట్టి, అడిగిన మీటమీదల్లా చెయ్యి వేసి చూపించమనేవారు.

కళ్ళు మూసి నేర్పిన ఈ విద్య, తరువాతి తరంలో మూసిన కళ్ళముందు కొత్త లోకాన్ని పెట్టడం మొదలుపెట్టింది. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను చేసి చూపించాడు. తల ఎటు తిరిగిందో కనిపెట్టడానికి దాన్ని పైకప్పునుంచి ఒక ఇనుపచేతితో వేలాడదీయవలసివచ్చింది. నెత్తిమీద వేలాడుతుంది గనుక పాత గ్రీకు గాథలోని డామొక్లీజ్ కత్తి పేరే దానికి నిలిచింది. ఆ తరవాత, ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో టామ్ ఫర్నెస్ అనే ఇంజనీరు వేరే బాధతో ఇక్కడికే చేరాడు. యుద్ధవిమానాల్లో ముళ్ళూ, మీటలూ పెరిగిపోయి పైలట్ చూపు చాలడం లేదు. వాటన్నిటినీ శిరస్త్రాణంలోనే చూపిస్తే? 1982 నాటికి అతని ప్రయోగం పనిచేసింది. ఆ యేడే, బ్రూస్ ఆర్ట్‌విక్ ఆపిల్-2 కోసం అంతకుముందే రాసిన విమాన కార్యక్రమానికి వారసుడిగా, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఇళ్ళల్లోకి వచ్చింది. ఈ రెండు పాయలూ కలవడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. 2012లో ఓక్యులస్ రిఫ్ట్‌కి చందాలు పోగయ్యాయి, 2016లో అది అమ్మకానికి వచ్చింది, 2020 డిసెంబరులో కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ హెడ్‌సెట్లలో నడవడం మొదలయింది.

ఇక నా ఇడ్లీల సంగతి. అది కూడా పాత కథేనట. 1957లోనే అమెరికా నౌకాదళం వారి హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో కూర్చున్నవాళ్ళకి వికారం పుట్టిందని నివేదిక వచ్చింది. విచిత్రం ఏమిటంటే శిష్యులకంటే అనుభవం ఉన్న గురువులకే ఎక్కువ బాధ. ఎగరడం ఎలా ఉంటుందో వాళ్ళ ఒంటికి తెలుసు, ఆ ఒరుగుడు రావలసినచోట రాకపోయేసరికి తిరగబడింది. ఇది చదివాక నాకొక సంగతి తట్టింది. ఆనాటి మంచులో పైలట్‌కి చెవి అబద్ధం చెప్పింది. నా గదిలో చెవి నిజమే చెబుతోంది, నువ్వు కుర్చీలో కూర్చున్నావు నాయనా అని. అబద్ధం కంటిది. నాకు వచ్చిన వికారం చెవి చేసిన సత్యాగ్రహం!

ఆ సత్యాగ్రహాన్ని చల్లార్చడమే హెడ్‌సెట్ అమర్చడమంటే. నల్లగుడ్ల మధ్య దూరాన్ని అద్దంముందు స్కేలుతో కొలిచి (నాది 66 మిల్లీమీటర్లు) కటకాలను ఆ మేరకు జరిపాను. తల తిప్పాక బొమ్మ కదలడానికి 20 మిల్లీసెకన్లు మించితే మెదడు పసిగడుతుందంటారు. అందుకని మబ్బుల సొగసు, నీడల నాణ్యత తగ్గించి, బొమ్మల వేగం నిలకడగా ఉండేలా చూశాను. బల్లమీద చిన్న ఫ్యాను పెట్టి మొహానికి గాలి తగిలించాను. చెమట పట్టిన మరుక్షణం ఆపేయడం, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడం. రోజుకు అయిదు నిమిషాలతో మొదలై నెల తిరిగేసరికి గంట కూర్చోగలిగాను. మీటలను తడిమి గుర్తుపట్టడానికి ఒక్కొక్కదానిమీద ఒక్కోరకం గుడ్డముక్క అంటించాను. యుద్ధకాలపు గంతల పరీక్షే.

ఒక్కటి మాత్రం చివరిదాకా సతాయించింది. తొలి రిఫ్ట్ లాంటి పాత హెడ్‌సెట్లలో కంటికి 1080 × 1200 చుక్కలే. కొండలు బాగుంటాయి, ఆకాశం బాగుంటుంది, డూలిటిల్ ప్రాణాన్ని నిలిపిన ఆ ముళ్ళే కనబడవు! మెడ సాచి, మొహం దగ్గర పెట్టి చదువుకోవాలి. నాది కూడా ఆ కోవలోదే.

అయినా ఒక సాయంత్రం గన్నవరం నుంచి లేచి, ప్రకాశం బ్యారేజీమీదుగా, కృష్ణ వెంబడి సముద్రందాకా పోయి వచ్చాను. వికారం లేదు. గెలిచాననుకున్నాను. ఆ ఊపులోనే స్కూటరు తీసి పాల ప్యాకెట్లకు బయలుదేరాను. వీధి మలుపులో బండి ఒరిగింది, నా ఒంటికి మాత్రం ఆ ఒరుగుడు తెలియలేదు. అరక్షణం తరవాత తెలిసింది. ఆ అరక్షణంలో ఎదురుగా ఒక సైకిలు, దానిమీద బడిపిల్ల. ఏ దేవుడి దయవల్లనో తప్పింది. బండి దిగి, ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

సిమ్యులేటర్‌లో ఒళ్ళు తిరిగిన పైలట్లను కొంత వ్యవధి గడిచేదాకా నిజం విమానం ఎక్కనివ్వని నియమాలు అమెరికా సైన్యంలో ఉన్నాయని తరవాత చదివాను. ముందే చదవవలసింది. ఒంటిని నమ్మకపోవడం నేర్చుకోవడానికి మనిషికి నూరేళ్ళు పట్టి ఉండవచ్చు గానీ, దాన్ని తిరిగి నమ్మడానికి కూడా కొంత సమయం ఇవ్వాలి.

ఇప్పుడు గంతలు విప్పాక రెండు గంటలపాటు స్కూటరు తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంటుంది. పాలు మాత్రం ముందే తెచ్చిపెట్టి కూర్చుంటున్నాను.