పది వేల ఎర్ర చుక్కల సువార్త

ఇంగ్లండు ఈశాన్య తీరాన ఉన్న లిండిస్‌ఫార్న్ ద్వీప మఠంలో క్రీ.శ. 700 తరువాతి దశాబ్దాలలో లాటిన్‌లో రాసిన సువార్తల గ్రంథంలో, లూకా సువార్త మొదలయ్యే ఒక్క పుటలోనే అక్షరాల చుట్టూ సుమారు 10,600 ఎర్ర చుక్కలున్నాయి. సింధూరంతో ఒక్కొక్కటిగా పెట్టిన ఈ చుక్కలను తీసివేసినా వాక్యార్థానికి లోటు రాదు. అయినా అంత శ్రమకు పూనుకున్నారంటే, ఆ సన్యాసులు లేఖనాన్ని రాయడాన్నే ఒక ఆరాధనగా ఎంచారని అనుకోవలసి ఉంటుంది.

ఈ రాత 698 నుంచి 721 వరకు అక్కడ బిషప్‌గా ఉన్న ఈడ్‌ఫ్రిత్‌దని గ్రంథాంతంలోని గద్య చెబుతుంది. సున్నపు నీటిలో నానబెట్టి, చట్రానికి బిగించి, గీకి నునుపు చేసిన దూడ చర్మాన్ని వెల్లం అంటారు. అటువంటి 250కి పైగా ఆకులపై ఆయన ‘హాఫ్ అన్షియల్’ అనే గుండ్రని లిపిని నడిపాడు. అలంకార పుటలకు ఆకు వెనుక సీసపు ములికితో చిత్తురూపు గీసుకుని, వెలుతురుకు ఎదురుగా నిలిపి, ముందువైపు రంగులు నింపాడని పరిశోధకురాలు మిషెల్ బ్రౌన్ ఊహించారు. ఇందులోని నీలం అఫ్గనిస్తాన్ నుంచి వచ్చిన రాజావర్త శిలదని చాలాకాలం నమ్మినా, లేజరు కాంతితో చేసిన పరీక్షల్లో అది మొక్క నుంచి తీసిన రంగని, తెలుగువారెరిగిన నీలిమందులోని వర్ణద్రవ్యమేనని తేలింది. దూరదేశపు రాయి కథ చెదిరిపోవడం కొందరికి నిరాశ కలిగించినా, ఐరోపా పొలాల్లో పెరిగే వోడ్ మొక్క నుంచి అంతటి నీలాన్ని రాబట్టడమే ఎక్కువ మెచ్చదగినది.

793లో వైకింగులు మఠంపై పడ్డారు. 875లో సన్యాసులు ద్వీపం విడిచారు. పదో శతాబ్దంలో, వారి సమాజం స్థిరపడిన చెస్టర్-లె-స్ట్రీట్‌లో ఆల్డ్రెడ్ అనే మతగురువు లాటిన్ పంక్తుల నడుమ సన్నని అక్షరాలతో ప్రాచీన ఆంగ్ల అర్థాలు చేర్చగా, సువార్తలకు నేటికి మిగిలిన తొలి ఆంగ్లరూపం అదే అయింది. పుటల అందం చెడిందని చింతించేవారు, పై గద్యను రాసినవాడూ ఆయనేనని మరువరాదు. రెండు శతాబ్దాలకు పైగా గడిచాక రాసిన మాట గనుక దానిని శంకించే పండితులు లేకపోలేదు. బిల్‌ఫ్రిత్ అనే ఏకాంతవాసి గ్రంథపు అట్టకు బంగారంతో, రత్నాలతో చేసిన అలంకరణ మాత్రం ఎటు పోయిందో జాడ లేదు. ఇప్పుడున్న అట్ట పంతొమ్మిదో శతాబ్దిది.

1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చు బైబిలు లేఖకుల అక్షరాలనే సీసంలో పోతపోసుకుంది గాని, రాసే చేతికి అందులో మిగిలిన పని పెద్దక్షరాలు, శీర్షికలు రాసి రంగులద్దడమే. తరువాతి శతాబ్దాలలో అడుగంటిన కలం విద్యను ఎడ్వర్డ్ జాన్‌స్టన్ పాత ప్రతులను శోధించి తిరిగి కూడగట్టి, 1906లో గ్రంథస్థం చేశాడు. 1998లో అమెరికాలోని మినసోటాలో ఉన్న సెయింట్ జాన్స్ మఠం, విశ్వవిద్యాలయం పూర్తి బైబిలును చేత్తో రాయించే పనిని లేఖకుడు డొనాల్డ్ జాక్సన్‌కు అప్పగించగా, ఆయన లేఖక బృందం బాతు ఈకల కలాలతో దూడ చర్మంపై దానిని రాసి 2011లో ముగించింది. ఏ పంక్తి ఎక్కడ విరగాలో మాత్రం ముందుగా కంప్యూటరుపైనే నిర్ణయించుకున్నారు.