రెండు టెర్మినేటర్లు

1998 చివర్లో గౌలిపురలో మా వీధి చాయ్ హోటల్లో పేపరు చుట్టూ చేరినవారికి టెర్మినేటర్ అంటే సినిమా కాదు, మొలవని పత్తి విత్తనం. పొరుగున రాయచూరు, బళ్లారి జిల్లాల్లో నంజుండస్వామి నాయకత్వాన రైతులు బీటీ పత్తి ప్రయోగ క్షేత్రాలను తగులబెట్టిన రోజులవి.

ఆ పత్తిలో టెర్మినేటర్ ఉన్నమాట నిజమే, కానీ జనం భయపడినది అది కాదు. మొక్కలోకి పంపే జన్యువుకు ముందొక ప్రమోటరు, వెనుకొక టెర్మినేటరు తగిలించాలి. జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ ప్రతి ఎక్కడ మొదలవాలో, ఏ కణాల్లో ఎంత జోరుగా తయారవాలో ప్రమోటరు నిర్ణయిస్తుంది. ఎక్కడ ఆగాలో టెర్మినేటరు చెబుతుంది. మన వ్యాకరణంలో సమాపక క్రియ చేసే పనే. (‘సమాపకం’ అని అప్పుడే ఎవరైనా అనువదించి ఉంటే సగం గొడవ తప్పేదేమో!) పురుగును చంపే క్రై1ఏసీ జన్యువు బాక్టీరియాది. బాక్టీరియా ప్రమోటరును మొక్క గుర్తించదు కనుక, మొక్కల కణాలనే ఆశ్రయించి బతికే కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి 35ఎస్ ప్రమోటరును తెచ్చారు. చివర పెట్టిన టెర్మినేటరు సోయాచిక్కుడుది. గింజ మొలకెత్తడంతో దానికి ఏ సంబంధమూ లేదు.

రెండో టెర్మినేటరుకు 1998 మార్చిలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి పేటెంటు పొందాయి. పేరు మాత్రం విమర్శకులు పెట్టినది. విచిత్రమేమిటంటే అందులో కీలకం ప్రమోటరే! గింజ ముదిరే చివరి దశలో మాత్రమే మేల్కొనే ప్రమోటరుకు విషప్రోటీను జన్యువును జతచేసి, మధ్యలో ఒక అడ్డుతునక ఉంచారు. అమ్మే ముందు విత్తనాన్ని టెట్రాసైక్లిన్‌లో నానబెడితే ఆ తునక తొలగేందుకు దారి ఏర్పడుతుంది. రైతుకు పంట పండుతుంది, ఆ పంట గింజ మాత్రం మొలవదు.

అదే ఏడాది మే నెలలో ఆ కంపెనీని కొంటున్నట్టు మోన్‌శాంటో ప్రకటించింది. కాబట్టి రైతుల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేను. 1999 అక్టోబరులో మోన్‌శాంటో ఆ పద్ధతిని వ్యాపారంలోకి తేబోమని మాట ఇచ్చింది. ఆ విత్తనం ఏ అంగడికీ రాలేదు.

2002 మార్చిలో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి మొలకెత్తేదే. అయితే అవి సంకర విత్తనాలు. దాచి మళ్ళీ వేస్తే రెండో తరం ఒక్క తీరుగా రాదు. ఏ విషజన్యువూ లేకుండానే రైతు ఏటా దుకాణానికి వెళ్ళవలసి వచ్చింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీతో తలపడింది ధర గురించి. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్టు 750కి దిగింది.