హార్మోనుకు లొంగిన క్యాన్సర్

మీ ఇంట్లో అరవై దాటిన తాతగారు రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారా? తరచుగా దీనికి కారణం ప్రోస్టేట్ గ్రంథి. పురుషులలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ వుండే ఈ చిన్న గ్రంథి వయసుతోపాటు పెరుగుతుంది. చాలామందిలో అది ప్రమాదంలేని పెరుగుదలే. కొందరిలో మాత్రం క్యాన్సర్ వస్తుంది. 1940కి ముందు ఆ క్యాన్సర్ ఎముకలకు పాకితే, నొప్పిని తగ్గించడం తప్ప వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఈ పరిస్థితిని మార్చినవారు డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్. ఆయన 1901లో కెనడాలోని హాలిఫాక్స్‌లో జన్మించారు. 1924లో హార్వర్డ్ నుంచి వైద్యపట్టా పొంది, 1927లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయనకు మూత్రకోశ వ్యాధుల విభాగం అప్పగించారు. అందులో ఆయనకు ప్రత్యేక శిక్షణ లేదు. పాఠ్యపుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు!

ప్రోస్టేట్ స్రవించే ద్రవాన్ని కొలవాలని ఆయన కోరిక. ఇందుకోసం కుక్కలలో ఒక శస్త్రచికిత్స రూపొందించారు. వృషణాలు తీసివేస్తే ద్రవం ఆగిపోయింది. పురుష హార్మోను టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మళ్లీ వచ్చింది. అయితే కొన్ని ముసలి కుక్కలకు ప్రోస్టేట్‌లో కణితులు వుండేవి. ప్రయోగం పాడవుతోందని హగ్గిన్స్ మొదట విసుక్కున్నారు. కాని వృషణాలు తీసివేసినప్పుడు ఆ కణితులు కూడా కుంచించుకుపోయాయి. అప్పటినుంచి అలాంటి కుక్కల కోసమే ఆయన వెతకసాగారు.

మరి మనుషుల మాటేమిటి? కణితి తగ్గిందో లేదో తెలుసుకునేదెలా? ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుందని న్యూయార్క్‌లో గుట్మన్ దంపతులు అంతకుముందే గుర్తించారు. హగ్గిన్స్ దాన్నే కొలబద్దగా తీసుకున్నారు. వృషణాలు తొలగించినా, స్త్రీ హార్మోను ఈస్ట్రోజన్ ఇచ్చినా ఎంజైము తగ్గింది. టెస్టోస్టిరాన్ ఇస్తే పెరిగింది. నొప్పితో మంచంపట్టిన రోగులు కొందరు లేచి తిరిగారు. 1941లో హాడ్జెస్‌తో కలిసి ఆయన ఈ ఫలితాలు ప్రకటించారు.

ఇందులో విశేషమేమిటో గమనించండి. క్యాన్సర్ కణం శరీరపు అదుపాజ్ఞలన్నీ తెంచుకున్నదని అప్పట్లో చాలామంది నమ్మేవారు. కొన్ని క్యాన్సర్లు ఇంకా హార్మోనుపై ఆధారపడే బ్రతుకుతాయని హగ్గిన్స్ చూపించారు.

అయితే ఇది పూర్తి విజయం కాదు. చికిత్సకు రోగి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. పైగా చాలామందిలో కొంతకాలానికి వ్యాధి తిరగబెట్టింది. మూత్రపిండాలపై వుండే అడ్రినల్ గ్రంథులు కూడా పురుష హార్మోన్లు తయారుచేస్తాయి గనుక, హగ్గిన్స్ వాటినీ తొలగించి చూశారు. ప్రోస్టేట్ రోగులకు దానివల్ల పెద్దగా మేలు జరగలేదు. రొమ్ము క్యాన్సర్ రోగులలో కొందరికి మాత్రం ఉపశమనం కలిగింది.

1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. కోళ్లలో క్యాన్సర్ కలిగించే వైరస్‌ను కనుగొన్న పేటన్ రౌస్‌తో కలిసి ఆయన దాన్ని పంచుకున్నారు. 1997లో, 95 ఏళ్ల వయసులో హగ్గిన్స్ మరణించారు.

నేడు శస్త్రచికిత్స లేకుండానే టెస్టోస్టిరాన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు వున్నాయి. అడ్రినల్ గ్రంథులలోనూ, కణితిలోనూ కూడా పురుష హార్మోన్ల తయారీని ఆపే అబిరటెరోన్ అనే మందు 2011లో వాడుకలోకి వచ్చింది. అంటే అడ్రినల్ గ్రంథుల విషయంలో హగ్గిన్స్ అనుమానం సరైనదే. ఆనాడు ఆయన చేతిలో తగిన సాధనం లేదు, అంతే! రేపు మీ ప్రయోగానికి ఏదైనా అడ్డుతగిలితే, దాన్ని పక్కకు నెట్టేముందు ఒకసారి పరీక్షగా చూడండి. షికాగోలోని ఆ ముసలి కుక్కలను మరువకండి.