ఉగాది నాడు తెర ఎందుకు వెలగలేదు: వీడియో తీగల కథ

ఉగాది నాడు మన పెద్దల ఫొటోలు హాల్లో తెర మీద పడలేదు. అప్పటినుంచి కొత్త ప్రొజెక్టరుకు చందా ఎత్తుదామన్న మాట నడుస్తోంది. బరంపురంలో మన సంఘానికి చందా అంటే చిన్న విషయం కాదు కాబట్టి, ముందు ఈ తీగల చరిత్ర చూద్దాం.

మన ప్రొజెక్టరుకు ఉన్నది 15 పిన్నుల వీజీఏ. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. అప్పటి మానిటర్లు పిక్చర్ ట్యూబువి. ట్యూబుకు కావలసింది హెచ్చుతగ్గుల వోల్టేజీ. అందుకని కంప్యూటరు తన అంకెలను వోల్టేజీగా మార్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఒక్కో తీగలో పంపేది. ఎల్‌సీడీ తెరలు వచ్చాక అదే వోల్టేజీని తెర మళ్లీ అంకెలు చేసుకోవాల్సి వచ్చింది. ఈ రెండు మార్పుల్లో అక్షరాల అంచులు మసకబారేవి. ఒడియా బడిలో చదివే మన పిల్లలకు తెలుగు ఒత్తులు అసలే కష్టం, పైగా మసక!

అంకెలను అంకెలుగానే పంపుదామని ఇంటెల్, ఐబీఎం, సిలికాన్ ఇమేజ్ వగైరా కంపెనీలు కలిసి 1999లో డీవీఐ తెచ్చాయి. పాత మానిటర్లు వృథా కాకూడదని డీవీఐ-ఐ అనే రకంలో పాత వోల్టేజీకి కూడా చోటిచ్చారు. చదును పిన్ను చుట్టూ ఉండే నాలుగు చిన్న పిన్నులు దానికే. అందుకే అప్పట్లో చిన్న ముక్క తగిలిస్తే వీజీఏ మానిటరు వెలిగేది. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ వచ్చింది. అదీ డీవీఐ భాషే మాట్లాడుతుంది, శబ్దం అదనం. వాటి మధ్యా మామూలు తీగ చాలు. అడాప్టరంటే మూతి మార్చే వస్తువేనన్న నమ్మకం ఇలా పాతుకుపోయింది.

ఆ నమ్మకమే ఉగాది నాడు దెబ్బకొట్టింది. హెచ్‌డీఎంఐలో వోల్టేజీ పిన్నులు లేనే లేవు. ఒక దుకాణం మనకు అంటగట్టిన తీగకు ఒకవైపు హెచ్‌డీఎంఐ, మరోవైపు వీజీఏ, మధ్యలో ఏ చిప్పూ లేదు. అంకెలను వోల్టేజీ చేసే చిప్పు లేనిదే అది తాడుతో సమానం. మా దృష్టిలో ఇలాంటి సరుకు అమ్మడమే తప్పు.

2006 నాటి డిస్‌ప్లేపోర్ట్‌కు ఇంకో తిరకాసు ఉంది. చాలా కంప్యూటర్లలో ఆ సాకెట్ నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి చవక అడాప్టరు పనిచేస్తుంది. ఎదురు దిశలో, అంటే హెచ్‌డీఎంఐ లాప్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటరుకు, పనిచేయదు.

2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో తదితరులు 2015 నాటికి వీజీఏకు స్వస్తి అన్నారు. లాప్‌టాప్‌ల నుంచి అది పోయింది. మన ప్రొజెక్టరు మాత్రం చక్కగా ఉంది.

కాబట్టి మా ప్రతిపాదన: ముందు చిప్పున్న అడాప్టరు తెచ్చి, వచ్చే సమావేశంలో అందరి ముందూ పెట్టి చూద్దాం. శబ్దానికి స్పీకరు తీగ వేరుగా కావాలి, కొన్నింటికి యూఎస్‌బీ కరెంటు కూడా ఇవ్వాలి. అది వెలిగితే చందా డబ్బు పిల్లల తెలుగు తరగతికి మళ్లించవచ్చు. లాప్‌టాప్ తెచ్చేవారు దానికి ఏ సాకెట్ ఉందో ముందే చెప్పండి.