వెనకవాడికి మాత్రమే కనిపించే బగ్

అమెరికాలో మా బావ 1965 నాటి ఎంజీబీ కొన్నాడు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మొన్న ఫోన్ చేసి, "బ్రేక్ లైట్లు వెలగట్లేదురా. బల్బులు, ఫ్యూజు, ఎర్తు అన్నీ చూశా" అన్నాడు.

"గట్టిగా తొక్కితే?"

"అరె, అప్పుడు వెలుగుతున్నాయి!"

నాకు చిలకపాలెం గుర్తొచ్చింది. 1994లో విజయనగరం నుంచి శ్రీకాకుళానికి అంబాసిడర్ టాక్సీలో పెళ్ళికి వెళ్తుంటే, అక్కడ వెనక లారీ జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవర్ దిగి, "నీ లైటెలగట్నేదు బావూ, నానేటి సేసీది?" అన్నాడు.

రెండు కార్లదీ ఒకటే వంశం, బ్రిటన్ బీఎంసీ. అంబాసిడర్ 1950ల నాటి మారిస్ ఆక్స్‌ఫర్డ్, ఎంజీబీ 1962లో పుట్టింది. ఇంజను కూడా అదే బి-సిరీస్: దానికి 1798 సీసీ, మనదానికి చాన్నాళ్ళు 1489. స్విచ్ జబ్బూ వంశపారంపర్యమే :-) అది బ్రేక్ పైపులో ఉంటుంది, ఆయిల్ ఒత్తిడికి ఆన్ అవుతుంది. రెండు 21 వాట్ల బల్బుల కరెంటు, అంటే మూడున్నర ఆంపియర్లు, నేరుగా ఆ చిన్న కాంటాక్టుల మీదుగా పోవాలి. స్పార్కులకి అవి నల్లబడతాయి. ఇక మెల్లగా తొక్కితే లైటు రాదు. మనకి ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, లాగ్ వెనకవాడి దగ్గరుంటుంది.

శ్రీకాకుళంలో మెకానిక్ ఆ స్విచ్ జోలికే పోలేదు. పెడల్‌కి మోటార్‌సైకిల్ స్ప్రింగ్ స్విచ్ కట్టేశాడు, అరగంట పని. తర్వాత్తర్వాత అమెరికా వెళ్ళిన ఎంజీబీల్లోనూ పెడల్ స్విచ్చే వచ్చింది.

బావకి అదే చెప్పా. "ఒరిజినాలిటీ పోతుందిరా" అన్నాడు. సరే, కొత్త స్విచ్ వేసి రిలే పెట్టుకో, బల్బుల కరెంటు రిలే మోస్తుంది అన్నా. అప్పటిదాకా మాత్రం అక్కని అందులో ఎక్కించొద్దన్నా.